మూడు సెట్లు, ఒక స్పీకరు

పొద్దున్న ఆరున్నరకల్లా అక్కయ్య తన కుర్చీలో ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా అంతే. జ్వరమొచ్చిన రోజున దుప్పటి కప్పుకుని కూర్చుంది, కూతురి పెళ్ళి రోజున ఇంటినిండా చుట్టాల్ని పెట్టుకుని మరీ కూర్చుంది. ముందు ఒక బల్ల. బల్లమీద రేడియో సెట్టు, దాని పక్కన మైకు, హాజరు పుస్తకం, రెండు వైపులా చెక్కిన పెన్సిలు. ఆ బల్లమీద కాఫీ కప్పు పెట్టే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆ సెట్టు మామూలు రేడియో కాదు. మాట పంపడానికీ అందుకోవడానికీ ఒకటే పెట్టె, ట్రాన్సీవర్ అంటారు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంటిమీద తీగ కట్టుకుని, ఊళ్ళు దాటి ఒకరితో ఒకరు మాట్లాడుకునే సరదా మనుషులు లోకంలో కొంతమంది ఉన్నారు. జీతం లేదు, లాభం లేదు. అలాంటివాళ్ళు, అక్కయ్యతో కలిపి పదిహేడుమంది, ఎక్కడెక్కడివాళ్ళో, రోజూ ఆరున్నరకు ఒకే చోట చేరతారు. అక్కయ్య ఒక్కొక్కరినే పిలుస్తుంది. పిలిచినవాళ్ళు "హాజరు" అని, తమ దగ్గర ఎండో వానో రెండు ముక్కలు చెబుతారు. ఆవిడ టిక్కు పెడుతుంది. అంతే కథ.

అంతేనా అంటే అంతే కాదు. పదిహేడుమందిలో సగం మంది పెద్దవాళ్ళు, అందులో సగం మంది ఒంటరివాళ్ళు. పిలిస్తే పలకనివాళ్ళ గురించి వాకబు చేసే బాధ్యత పిలిచిన మనిషిదే. కిట్టనివాళ్ళు దీన్ని ముసలాళ్ళ బడి అంటారు. అననీండి. ఆ బడివల్లే ఒక మనిషి నాలుగేళ్ళు ఎక్కువ బతికాడు. ఆ సంగతి కాసేపట్లో చెప్పుకుందాం.

అక్కయ్య ఉద్యోగం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో. ముప్ఫయ్యేళ్ళు చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని ఊరందరి గొంతులూ కలిపింది. ఆవిడవి పాము చెవులు. అవతలివాళ్ళు ఊపిరి పీల్చుకున్న తీరు విని, "ఏమ్మా, ఇంట్లో గొడవా?" అని అడిగేది. ఎవరికైనా జలుబు చేస్తే వాళ్ళ ముక్కుకంటే ముందు ఆవిడకు తెలిసేది. ఆ చెవులంటే ఆవిడకు గర్వం, ఆ గర్వాన్ని ఆవిడ ఎప్పుడూ దాచుకోలేదు. దాచుకోవలసిన అవసరమేముంది?

హాజరు పుస్తకం మొదటి పేజీలో ఒకే వాక్యం ఉంటుంది, ఆవిడ రాసిందే: "వినలేనివాళ్ళు పిలవకూడదు." అది రాసిన రోజు ఆవిడకు బాగా గుర్తు. అంతకుముందు పిలిచే కుర్చీ కెప్టెన్‌గారిది. ఓడల్లో పనిచేసి దిగిన పెద్దాయన. ఆయనకు వినికిడి తగ్గింది. పలికినవాళ్ళను పలకలేదని రాసేవాడు, పైగా "నా సెట్టు ముసలిదైపోయిందర్రా" అనేవాడు. ఒకరోజు, పదహారుమంది వింటుండగా, అక్కయ్య కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది: "సెట్టును అనకండి కెప్టెన్‌గారూ. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది." తర్వాత ఆయన, "నిజమేనమ్మా, రేపట్నుంచి నువ్వు పిలువు" అన్నాడు. మర్నాడు అక్కయ్య గుండె చిక్కబట్టుకుని మొదటి పేరుగా ఆయన్నే పిలిచింది. బళ్ళో పిల్లాడిలా ఆయన ఠక్కున "హాజరు" అన్నాడు. ఆ తర్వాత ఆరేళ్ళలో ఆయన ఒక్కరోజే పలకలేదు. అక్కయ్య మైకు పక్కన పెట్టి ఆయన పక్కింటికి ఫోన్ చేసింది. స్నానాలగదిలో జారిపడి ఉన్నాడు. పది నిమిషాల్లో తలుపు బద్దలుకొట్టి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆ తర్వాతే ఆయన మరో నాలుగేళ్ళు బతికింది.

ఇప్పుడు అక్కయ్యకు వచ్చిన చిక్కు కొండ మాస్టారు.

కొండ మాస్టారు రిటైరైన బడిపంతులు. కొండమీద వానలు కొలిచే గుడిసె ఒకటి ఉంటే, అక్కడ ఒక్కడే ఉంటూ వాన కొలుస్తాడు. బ్యాటరీమీద నడిచే చిన్న సెట్టు, సన్నటి గొంతు. కింద రోడ్డు నుంచి ఆయన దగ్గరికి నడిస్తే రెండు గంటలు. పదిహేడుమందిలో ఎవరు పలక్కపోయినా ఫర్వాలేదేమోగానీ, ఆయన పలక్కపోతే మాత్రం భయం. ఆర్నెల్లుగా అక్కయ్యకు ఆయన వినిపించడం లేదు. పిలుస్తుంది, గరగర. మళ్ళీ పిలుస్తుంది, గరగర. అప్పుడు ఎవరో ఒకరు అందుకుని, "మాస్టారు హాజరేనక్కయ్యా, నాకు లీలగా వినిపించింది. మీ వైపు గాలి బాగాలేనట్టుంది" అంటారు. ఆవిడ టిక్కు పెడుతుంది. ఒకరోజు మాత్రం ఎవరూ అందుకోలేదు. ఆ రోజు అక్కయ్య కొండ కింది పోస్టుమ్యాన్‌ను వానలో పైకి పంపింది. మాస్టారు గుడిసెముందు కూర్చుని చెప్పులు కుట్టుకుంటున్నాడట. తడిసి ముద్దయిన పోస్టుమ్యాన్‌ను చూసి, "నేను మూడుసార్లు పలికానే!" అన్నాడట.

ఆ మాట విన్న రోజునే అక్కయ్య పాత సెట్టును చూసి, "ఇక నీ పని అయిపోయింది" అంది.

సెట్ల సంగతి చూసేది సోల్డరు తమ్ముడు. యాభై దాటిన బట్టతల మనిషి, రేడియోలు బాగుచేస్తాడు. చొక్కా జేబులో కలం బదులు, అతుకులు వేసే సోల్డరింగు తీగ చుట్ట ఉంటుంది. పదిహేడుమందిలో తనూ ఒకడు. అక్కయ్య అడిగిందే తడవుగా ఆటోలో రెండు సెట్లు వేసుకొచ్చి బల్లమీద దించాడు.

ఒకటి కొత్తది. ముందంతా అద్దంలాంటి తెర, వేలితో తాకితే పనిచేస్తుంది. గాలిలో ఎవరు మాట్లాడుతున్నా ఆ తెరమీద రంగురంగుల గీతలు జారుతుంటాయి. రెండోది ఒకరు వాడి జాగ్రత్తగా దాచుకున్నది. ఇనప్పెట్టె బరువు, ముందువైపు ముప్ఫైకి పైగా బొత్తాలూ పిడులూ. పెద్ద పిడి తిప్పితే నూనె రాసినట్టు మెత్తగా తిరుగుతుంది.

అక్కయ్య ఆ పెద్ద పిడిని ఒకసారి తిప్పి, రెండోసారి తిప్పి, కళ్ళు మూసుకుని మూడోసారి తిప్పింది. "ఇది సెట్టంటే. ఆ తెరదేమిట్రా, సినిమాహాలా?"

"అక్కయ్యా, దాంట్లో మనకు కావలసినట్టు శబ్దం మార్చుకోవచ్చు. మెనూలోకి వెళ్తే..."

"నేనెందుకెళ్ళాలి మెనూలోకి? నేను వినడానికి కూర్చుంటాను, చూడ్డానికి కాదు."

ముందుగదిలో కుట్టుమిషను దగ్గర్నుంచి ఆవిడ భర్త నవ్వాడు. ఆయన దర్జీ. నలభయ్యేళ్ళ కొట్టు మూసేసి, ఇప్పుడు ఇంట్లోనే చిన్నాచితకా మార్పులు చేస్తుంటాడు. రేడియోవాళ్ళందరికీ ఆయన బావగారు. లైసెన్సు లేదు, సరదా కూడా లేదు. కానీ ఆ గోడ ఇవతల ఇరవై రెండేళ్ళుగా ఆయనకు వినిపించని హాజరు లేదు.

"నచ్చిందేదో తీసేసుకోవోయ్, దానికింత ఆలోచనా?" అన్నాడు.

"నచ్చడం వేరు, వినిపించడం వేరు" అంది అక్కయ్య. "పరీక్ష పెడతాను."

పరీక్ష పెడితే అక్కయ్యే పెట్టాలి. కొత్తదనే మోజు గెలవకూడదు, పాతదనే మమకారం కూడా గెలవకూడదు. సోల్డరు తమ్ముడి చేత ఒక చెక్క డబ్బా చేయించింది. డబ్బాకు ఒక పిడి, పిడికి మూడు స్థానాలు. ఎటు తిప్పితే ఆ సెట్టుకే ఇంటిమీది తీగా కలుస్తుంది, స్పీకరూ కలుస్తుంది. స్పీకరు మాత్రం మూడింటికీ ఒకటే. లేకపోతే సెట్టు గొప్పో స్పీకరు గొప్పో ఎవడికి తెలుసు? ఒకటో స్థానంలో తన పాత సెట్టునే పెట్టింది, పోలికకు. మూడింటిమీదా ఒకే తువ్వాలు కప్పింది. తను గోడవైపు తిరిగి కూర్చుంటుంది. పిడి తిప్పేది దర్జీగారు. అవతల కొండమీద మాస్టారు పాత వాన లెక్కల పుస్తకం తెరిచి, నెల పేరూ, పడిన వానా అరగంటసేపు చదువుతాడు.

"మీ ఇష్టమొచ్చిన వరుసలో తిప్పండి. ప్రతిసారీ టైమూ, సెట్టు నంబరూ రాయండి. ఆ టైములో మాస్టారు ఏం చదువుతున్నారో గుర్తుకు రెండు ముక్కలు రాయండి. తర్వాత నా కాగితంతో సరిచూసుకుందాం" అని చెప్పింది. ఆయన తల ఊపి, చెవిమీది పెన్సిలు తీసి, కొలతల పుస్తకంలో కొత్త పేజీ తెరిచాడు.

అక్కయ్య గోడవైపు తిరిగి వింది. అరగంటా వింది. నుదురు గోడకు ఆనేంత ముందుకు వంగి వింది. ఆవిడ కాగితంలో చివరికి మిగిలిందిది: "గరగర. గరగర. ఎవరో ఉన్నారు. ఏదో నెల. గరగర. ఎవరో ఉన్నారు."

కాగితం మడిచి లేచింది. "మూడూ ఒక తాను ముక్కలే. లోపం సెట్లలో లేదు. మాస్టారి తీగే తెగి పడుంటుంది. ఏవీ, మీ పుస్తకం ఇలా ఇవ్వండి."

దర్జీగారు ఇవ్వలేదు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని దానిమీద చెయ్యి పెట్టాడు. అంత పెద్దమనిషి, నలభయ్యేళ్ళు కత్తెర పట్టిన మనిషి, అబద్ధం రాయడం చేతకాక నిజమే రాసి, ఇప్పుడు దొరికిపోయాడు.

"ఇవ్వండంటుంటే!"

ఇచ్చాడు. అక్కయ్య చదివింది. గంటా నిమిషాలూ, సెట్టు నంబరూ, పక్కనే గుండ్రటి దర్జీ అక్షరాలు. రెండో సెట్టు: జూలై, నూట పన్నెండు. మూడో సెట్టు: ఆగస్టు, తొంభై ఎనిమిది, పశువుల దొడ్డి కొట్టుకుపోయింది. ఒకటో సెట్టు: మే, ఇరవై రెండున్నర, వడగళ్ళు. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

"ఇవన్నీ మీకు వినిపించాయా?"

"ఊఁ."

"ఒకటో నంబరు మన పాత సెట్టు కదా. అందులో కూడానా?"

"వంటింట్లో ఉన్నా వినిపిస్తుందోయ్" అన్నాడాయన, నేలకేసి చూస్తూ.

అక్కయ్య కుర్చీలో కూర్చుంది. పాము చెవులు. ముప్ఫయ్యేళ్ళు ఊరంతా చెవికోసుకున్న చెవులు. తన చెవులనే తను నమ్ముకుని, ఒక మనిషిని వానలో కొండెక్కించింది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"కిందటి వానాకాలం నుంచి."

"చెప్పొద్దూ?"

"ఎలా చెప్పమంటావు? నలభయ్యేళ్ళుగా చొక్కా బిగుతైందని వచ్చినవాళ్ళెవరికీ మీరు లావయ్యారని చెప్పలేదు నేను. గుడ్డ ముడుచుకుందని చెప్పి, విప్పి కుట్టి పంపాను. అదే అలవాటైపోయింది."

ఇంకొక రోజైతే అక్కయ్య నవ్వేది. ఆ రోజు నవ్వలేదు. ఫోన్ తీసి సోల్డరు తమ్ముడికి చేసింది. "మాస్టారు నీకు లీలగా వినిపిస్తున్నాడా, గట్టిగా వినిపిస్తున్నాడా?" తమ్ముడు నీళ్ళు నమిలాడు. నమిలి నమిలి చివరికి, "గట్టిగానే అక్కయ్యా. అందరికీ గట్టిగానే. అందుకే వంతులు వేసుకున్నాం, రోజుకొకరు అందుకునేట్టు. ఆ వానరోజున నా వంతు. కరెంటు పోయింది, మిగతావాళ్ళు నేనే అందుకుంటాననుకున్నారు" అన్నాడు.

అదీ సంగతి. మిగతావాళ్ళంతా కలిసి, ఆవిడకు తెలియకుండా, ఆవిడ హాజరు పుస్తకం వెనక ఇంకో హాజరు నడిపారు. ప్రేమతోనే నడిపారు. ఆ ప్రేమ ఒక్కరోజు కరెంటు పోతే నిలవలేదు. వంతు మనిషి వినిపించిందని అలవాటుగా చెప్పిన రోజున మాస్టారు నిజంగానే పడిపోయి ఉంటే? అక్కయ్యకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. దర్జీగారు పక్కన కూర్చున్నాడు. తర్వాత మొహం కడుక్కుని చెవుల డాక్టరు దగ్గరికి బయల్దేరింది.

డాక్టరు ఒక గదిలో కూర్చోబెట్టి, రకరకాల మోతలు వినిపించి, ఒక గీతల కాగితం ఇచ్చాడు. కాగితానికి ఎడమవైపున, లావు శబ్దాల దగ్గర, గీత బాగానే నడిచింది. కుడివైపుకు, సన్న శబ్దాల దగ్గరికి, వచ్చేసరికి మెట్లు దిగినట్టు పడిపోయింది. లావు శబ్దాలు వినిపిస్తాయట, సన్నవి పోయాయట. కొండ మాస్టారి గొంతులాంటివి. చెవికి పెట్టుకునే మిషను రాసిచ్చాడు గానీ, రేడియో గరగరలో అది గరగరనే పెంచుతుంది.

ఇంటికొచ్చాక ఆ కాగితాన్ని దర్జీగారు కత్తిరింపుల బల్లమీద పరిచి చాలాసేపు చూశాడు. అద్దాలు పైకి తోసుకుని చూశాడు, కిందికి దించుకుని చూశాడు.

"ఏమోయ్, ఇది ఒంటి కొలతలాగే ఉందే. ఇక్కడ ఇంత తగ్గింది. తగ్గినచోట అంత గుడ్డ వదలాలి, అంతేగా? ఆ సినిమాహాలు సెట్టులో శబ్దం మార్చుకోవచ్చన్నాడు కదా తమ్ముడు?"

మెనూ అంటే మొహం తిప్పుకున్న అక్కయ్య, ఆ మధ్యాహ్నం మూడు గంటలు మెనూలో ఉంది. సోల్డరు తమ్ముడు తెరమీద చూపిస్తే, దర్జీగారు డాక్టరు కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో గీతా వేలితో పైకి జరిపాడు. కొండమీద మాస్టారు మళ్ళీ వాన లెక్కలు చదువుతున్నాడు. ఈసారి తువ్వాలూ లేదు, గోడవైపు తిరగడమూ లేదు.

"ఇప్పుడెలా ఉంది? బిగుతుగా ఉందా?"

"గరగర పొడుచుకుంటోంది."

"అయితే చంకల దగ్గర కొంచెం వదులు చేద్దాం" అని ఇంకో గీత దించాడు. "ఇప్పుడు?"

అక్కయ్య చెయ్యెత్తింది. ఎవరూ కదల్లేదు. గరగర వెనక నుంచి సన్నగా, తెగుతూ, ఒక గొంతు. "సెప్టెంబరు. అరవై ఒకటి. రెండో వారం... పడలేదు."

"సెప్టెంబరు" అంది అక్కయ్య. "సెప్టెంబరన్నాడు."

పిడుల సెట్టుకూ శబ్దం మార్చే పిడి ఉంది. తిప్పి చూశారు. ఉన్న శబ్దమంతా ఒకేసారి పెరిగింది, ఒకేసారి తగ్గింది. దర్జీగారు దాన్ని ప్రేమగానే తడిమాడు. "మంచి గుడ్డే. కానీ లోపల మడత వదల్లేదు. విప్పి కుట్టడానికి లేదు" అన్నాడు. అలా ముప్ఫై పిడుల ఇనప్పెట్టె ఓడిపోయి, అక్కయ్య వెక్కిరించిన తెర సెట్టు నెగ్గింది.

కానీ అక్కయ్య తనను తను మోసం చేసుకునే మనిషి కాదు. సాయంత్రం కూర్చుని లెక్క వేసుకుంది. మాస్టారు చదివిన ఇరవై నెలల్లో కొత్త సెట్టుతో తనకు పన్నెండు వినిపించాయి. ఎనిమిది వినిపించలేదు. మనుషుల్ని పిలిచే కుర్చీలో పన్నెండు చాలదు. పుస్తకం మొదటి పేజీ తెరిచి తన రాతే తను చదువుకుంది.

మర్నాడు ఆరున్నరకు మైకు తీసుకుంది.

"పిలిచేముందు ఒక మాట. ఆర్నెల్లుగా మాస్టారు నాకు వినిపించకపోతే, సెట్టు పాడైందన్నాను. సెట్టు బాగుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నా పని. ఈ మాట ఒకప్పుడు కెప్టెన్‌గారిని మీ అందరిముందూ అన్నాను, కాబట్టి నన్నూ మీ అందరిముందే అనుకుంటున్నాను. మీరు నాకోసం వంతులు వేసుకున్నారని తెలిసింది. మీరు చేసింది తప్పు. నామీద జాలిపడి మాస్టారి ప్రాణంతో ఆడుకున్నారు. ఇంకెప్పుడూ, ఎవరికోసమూ అలా చెయ్యకండి. రేపట్నుంచి సోల్డరు తమ్ముడు పిలుస్తాడు. ఇక హాజరు."

పదహారు పేర్లూ పిలిచింది. మాస్టారి దగ్గర దర్జీగారు పక్కనే నిలబడి వేలెత్తాడు, ఆవిడ టిక్కు పెట్టింది. పుస్తకం మూసి, మధ్యాహ్నం స్వయంగా నడిచివెళ్ళి సోల్డరు తమ్ముడి చేతికిచ్చి వచ్చింది. అలాంటి మనుషులు ఎక్కువమంది ఉండరు. ఇతరులకు పెట్టిన కొలతే తనకూ పెట్టుకుని, కురచైతే కురచే అని తొడుక్కునేవాళ్ళు.

ఆ మర్నాడు పొద్దున్న ఆరున్నరకు అక్కయ్య కుర్చీలో ఉంది. ఎక్కడికి పోతుంది? కానీ ముందు పుస్తకం లేదు, పెన్సిలు లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. దర్జీగారు కాఫీ కప్పు తెచ్చి, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఆ బల్లమీద పెట్టాడు.

తెరమీద గీత లేచింది. సోల్డరు తమ్ముడి గొంతు, అలవాటు లేక కాస్త వణుకుతూ వచ్చింది. "అందరికీ నమస్కారం. పిలిచే ముందు నేనూ ఒక మాట చెప్పాలి. నిన్న పుస్తకం మొదట్నుంచీ తిరగేశాను. ఇరవై రెండేళ్ళ పేజీలు. అన్నింట్లోనూ పదహారు పేర్లే ఉన్నాయి. పిలిచే మనిషి పేరు ఒక్కచోట కూడా లేదు. ఆవిడ ఉందా లేదా అని ఇన్నేళ్ళలో మనం ఒక్కరోజు కూడా అడగలేదు. రాత్రి గీతలు కొట్టి, పైన ఒక గడి చేర్చాను."

గొంతు సవరించుకున్నాడు.

"అక్కయ్యా."

ప్రతి అక్షరమూ వినిపించింది. వినిపించినా అక్కయ్య పలకలేకపోయింది. మైకు చేతిలోనే ఉంది. గాలిలో పదహారుమంది ఆగి ఉన్నారు. పిలిస్తే పలకనివాళ్ళ గురించి ఏం చెయ్యాలో వాళ్ళకు నేర్పింది ఆవిడే.

"అక్కయ్యా, రెండోసారి పిలుస్తున్నాను. మూడోసారి పలక్కపోతే పక్కింటికి ఫోన్ చేస్తా."

దర్జీగారు ఆవిడ భుజంమీద చెయ్యి వేశాడు. అక్కయ్య మీట నొక్కింది.

"హాజరు" అంది.